సుబ్బారావు గారికి నోబెల్ రాలేదన్న బాధ సరే, ఆయన మందు సంగతి చెప్తా

"మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు బ్లడ్ క్యాన్సర్‌కి మందు కనిపెట్టారట కదా, మరి నోబెల్ ఎందుకివ్వలేదు?" అని అడిగారు. నోబెల్ దగ్గరికి తర్వాత వస్తా. నాకు ఆయన గురించి తెలిసింది బడిలో కాదు, మా అక్క కొడుక్కి లుకేమియా, అదే బ్లడ్ క్యాన్సర్, వచ్చాక.

మాది పాలకొల్లు దగ్గర. హైదరాబాద్‌లో వార్డు వైద్యం అయ్యాక వాణ్ణి మాత్రల మీద ఇంటికి పంపారు. రోజూ రాత్రి మెర్కాప్టోప్యూరిన్, వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్. ఈ రెండోది పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదకొస్తుందని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. అక్క క్యాలెండర్‌లో ఆదివారాలకి ఎర్ర సున్నాలు చుట్టి పెట్టుకుంది.

ఓ రోజు పెద్దమ్మ చూడ్డానికొచ్చింది. కొంగు ముడి విప్పి ఎర్ర మాత్రల అట్ట ఒకటి తీసింది. "ఆయ్, రక్తం పట్టే మాత్రలే అమ్మాయ్. కోడలికి ఆశా వర్కరు ఇచ్చినవి, మిగిలాయి. పిల్లాడు అలా పాలిపోయాడు, రోజుకోటి వెయ్యి." అక్క అట్ట తిప్పి వెనక అక్షరాలు కూడబలుక్కుని చదివింది. ఐరన్, ఫోలిక్ యాసిడ్. "వీడికివి వద్దు పెద్దమ్మా, అడక్కుండా విటమిన్ కూడా వెయ్యొద్దన్నారు" అని చేతిలో పెట్టేసింది. అంతే. "మేమేదో విషం పెడుతున్నట్టు!" అంటూ అన్నం కూడా తినకుండా బస్సెక్కేసింది. ఏడాది మాటల్లేవు.

పెద్దమ్మని తెలివితక్కువదనకండి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అంతటి డాక్టరు కూడా లుకేమియా పిల్లలకి మొదట ఫోలిక్ యాసిడ్ తరహా మందులే ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గలేదు సరికదా, మరింత జోరందుకుంది. ఆ మందులు పంపింది అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో ఉన్న సుబ్బారావు గారే. ఫోలిక్ యాసిడ్‌ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది ఆయన బృందమే. ఆయన అన్నదమ్ముల్లో ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు, ఆయన కూడా దాన్నుంచి బతికి బయటపడ్డవాడే. ఫోలిక్ యాసిడ్ ఆ స్ప్రూకి మందు. ఆయన దాని వెంట పడింది అందుకేనని నాకు గట్టి నమ్మకం.

ఫోలిక్ యాసిడ్ లుకేమియాకి మేతవుతోందని తేలాక, దాన్ని అడ్డుకునేది కావాలన్నాడు ఫార్బర్. సుబ్బారావు గారి బృందం ఆ అణువునే కాస్త మార్చి అమినోప్టెరిన్ తయారుచేసింది. అది నకిలీ విత్తనం లాంటిది. చూడ్డానికి అచ్చం అసలుదే, కణం నమ్మి పుచ్చుకుంటుంది, కానీ కణాలు పెరగడానికి కావాల్సిన డీఎన్ఏ తయారీ అక్కడే ఆగిపోతుంది. 1948 జూన్‌లో ఫార్బర్ అచ్చేసిన లెక్క: 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. కొన్ని నెలలే నిలిచిందనుకోండి. అయినా అప్పటిదాకా ఆ పిల్లలకి ఏ దారీ లేదు. మా అక్క ఆదివారాలు వేసిన మెథోట్రెక్సేట్ దానికి తమ్ముడే.

ఇక నోబెల్. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే ఆయన పోయారు. పోయినవాళ్లకి ఇవ్వరు. అంతే, ఇందులో కుట్రా లేదు, తెల్లవాళ్ల పక్షపాతమూ లేదు. పక్షపాతం కావాలంటే ఆయన అంతకుముందు పనిచేసిన హార్వర్డ్ యూనివర్సిటీలో వెతకండి. అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టినా అక్కడ ఆయనకి పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. మెర్కాప్టోప్యూరిన్ తయారుచేసిన గెర్‌ట్రూడ్ ఎలియన్, హిచింగ్స్‌లకి 1988లో నోబెల్ వచ్చింది, అప్పటిదాకా బతికున్నారు కాబట్టి. అక్క రెండు మందులూ ఒకే డబ్బాలో పెట్టేది. వాడు ఇప్పుడు ఇంటర్, దిట్టంగా ఉన్నాడు.

నాకు ఒళ్లు మండేది వేరే విషయానికి. బోదకాలు మన డెల్టాకి కొత్త కాదు. మురుగు కాలవలు, దోమలు, కాళ్లు వాచిన ముసలాళ్లు, ఇవి చూడకుండా ఇక్కడెవరు పెరిగారు? దానికి వేసే డీఈసీ మాత్ర, అదే హెట్రజాన్, అదీ లెడర్లీలో ఆయన బృందం 1947లో తెచ్చిందే. ఆ మధ్య మా వీధిలో ఆరోగ్య కార్యకర్త ఇంటింటికీ తిరిగి ఆ మాత్రలు చేతిలో పెడితే, ఆవిడ మలుపు తిరగ్గానే సగం మంది కాలవలో పారేశారు. సుబ్బారావు గారికి భారతరత్న ఇవ్వాలని వాట్సాప్‌లో పొద్దున్నే ఫార్వర్డ్ చేసినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు.