నీళ్లలో ఉన్నదీ కాలుతుంది

కడప

నాయనా,

నీ రిమోట్ కంట్రోల్ బోటు మీద రాసిన వ్యాసం అందింది. రెండో పేజీలో "బోటు ఎప్పుడూ నీళ్లలోనే ఉంటుంది కనుక మోటారు వేడెక్కుతుందన్న భయం లేదు" అని రాశావు. నాలుగో పేజీకొచ్చేసరికి గార్గేయపురం చెరువు నడుమ నీ బోటు ఆగిపోయింది, ఈఎస్‌సీ (బ్యాటరీ కరెంటును మోటారుకు కావలసినంతే అందించే స్పీడ్ కంట్రోలర్) కాలిపోయింది. "దురదృష్టం వెంటాడింది" అని ఆ పేరా ముగించి, ఐదో పేజీలో కొత్త ఈఎస్‌సీ కొనేశావు. ఆ రెండు పేజీల మధ్య ఏం జరిగిందన్నదే కదయ్యా వ్యాసం! అదొక్కటి వదిలేసి మిగతాదంతా రాశావు. చదివినప్పటి నుంచి చిరాకు తగ్గలేదు, అందుకే వెంటనే జవాబు రాస్తున్నా.

నేను కథలూ వ్యాసాలూ రాసేవాడిగానే నీకు తెలుసు. మా ఇల్లు గడిచింది మాత్రం మోటార్ వైండింగ్ షాపు మీద. బోర్లలో కాలిపోయిన సబ్‌మెర్సిబుల్ మోటార్లను రైతులు ట్రాక్టర్లలో వేసుకొచ్చేవాళ్లు. కిందికి దించగానే అందరూ అడిగే మాట ఒక్కటే: "నీళ్లలోనే ఉండాది గదా సామీ, ఎట్ల కాలిపాయ?" నీ రెండో పేజీ వాక్యమూ అదే. కాకపోతే వాళ్లు అడిగారు, నువ్వు తేల్చేశావు.

నీళ్లలో ఉన్నంత మాత్రాన మోటారు చల్లబడదు. నీరు దాన్ని రాసుకుంటూ కదిలి పోవాలి. బోరులో పంపు పైన, మోటారు కింద ఉంటాయి. పంపు లాగే నీరు మోటారు ఒంటిని తాకుతూ పైకి వెళ్లాలి. పూడిక పేరుకుని మోటారు అందులో కూరుకుపోతే చుట్టూ తడే, అయినా కాలుతుంది. అదే మోటారును వెడల్పాటి బావిలో దించితే నీరు పక్కల నుంచి నేరుగా పంపులోకి పోతుంది, మోటారు దగ్గరి నీరు కదలదు. అందుకని దానికి పైన ఒక గొట్టం తొడుగుతారు, నీరు మోటారు మీదుగానే రావాలని.

ఈ సంగతే ఒకప్పుడు ఒక వారపత్రికకు రాసి పంపాను. గొట్టం బొమ్మ కూడా గీసి పెట్టాను. సంపాదకుడు గొట్టం తీసేశాడు, పూడిక తీసేశాడు, అంకెలన్నీ తీసేశాడు. నెర్రెలిచ్చిన పొలం ఫొటో ఒకటి వేసి "రైతన్న కన్నీరు" అని శీర్షిక పెట్టాడు. సీమ నుంచి ఏం వచ్చినా వాళ్లకు కరువన్నా ఉండాలి, కక్షలన్నా ఉండాలి. నువ్వు బోటు మీద రాశావంటే "కర్నూల్లో నీళ్లెక్కడివి?" అని నవ్వేవాళ్లు ఇప్పటికీ ఉంటారు. తుంగభద్ర ఒడ్డున ఉన్న ఊరది. సుంకేసుల నుంచి మా కడప దాకా వచ్చే కె.సి. కాలువను 1860లలో తవ్వినప్పుడు సేద్యానికే కాదు, పడవలు నడవాలని కూడా అనుకునే తవ్వారు. అయినా వాళ్లకు జవాబు చెప్పే పని పెట్టుకోకు, టైం దండగ.

సరే, నీ బోటు సంగతికొద్దాం. లోపలికి నీరు రాకూడదని మూత చుట్టూ టేపు అంటిస్తావు. నీరు రాని చోటికి గాలీ రాదు. ఇక లోపలి వేడి బయటపడే దారి ఆ సన్నటి సిలికాన్ పైపొక్కటే. దాన్ని నువ్వు "కూలింగ్ సిస్టమ్ అమర్చాను" అని మూడు మాటల్లో దాటేశావు. పాఠకుడికి చూపించు. వెనక చుక్కానికి అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. బోటు పరిగెత్తేటప్పుడు ఎదురొచ్చే నీరు అందులో దూరి, పైపులో పైకెక్కి, ఈఎస్‌సీ కింది పలకలో తిరిగి, మోటారుకు తొడిగిన జాకెట్‌లో తిరిగి, పక్కనున్న రంధ్రం నుంచి బయటికి చిమ్ముతుంది. ఒకటే లైను ఉంటే ముందు ఈఎస్‌సీకి, తర్వాత మోటారుకు ఇస్తారు. రేసులవాళ్లు చాలామంది రెంటికీ వేరువేరు లైన్లు పెట్టుకుంటారు. పంపు ఎక్కడా లేదు చూశావా? నీటిని తోసేది బోటు వేగమే.

ఇక్కడే అంకెలు కావాలి. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో ఆ రంధ్రం దగ్గర నీటి ఒత్తిడి, లెక్క ప్రకారం, చదరపు సెంటీమీటరుకు అర కేజీ. వేగం 72కు పెరిగితే ఒత్తిడి నాలుగింతలై 2 కేజీలవుతుంది, స్కూటర్ టైరులో కొట్టే గాలంత. అంటే జోరుగా పోతున్నంతసేపూ నీటికి లోటు లేదు. ప్రొపెల్లర్‌కు నాచు చుట్టుకుని, నువ్వు థ్రాటిల్ వదలకుండా నొక్కుతుంటే బోటు పాకుతున్నప్పుడు చూడు: కరెంటు పెరిగిపోతుంది, నీరు రావడం మానేస్తుంది. నువ్వేమో "వేగం ఎంత ఎక్కువైతే వేడి అంత ఎక్కువ" అని రాసి చేతులు దులుపుకున్నావు. అది సగమే నిజం.

కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. 10 మిల్లీఓముల వైండింగ్‌లో 50 ఆంపియర్లు పారితే 25 వాట్లు, 100 పారితే 100 వాట్లు వేడిగా మారతాయి. 40 మిల్లీమీటర్ల ప్రొపెల్లర్ తీసి 42 వేశానని, "చిన్న మార్పే" అని రాశావు. అదే ఆర్‌పీఎంలో ప్రొపెల్లర్ లాగే పవర్ సుమారుగా దాని అడ్డుకొలత (డయామీటర్) ఐదో ఘాతంతో పెరుగుతుంది. నీ 2 మిల్లీమీటర్లకు పావు వంతు పైనే పెరుగుతుందన్నమాట. కరెంటు పావు వంతు పెరిగితే వేడి సగానికి మించి పెరుగుతుంది. చిన్న మార్పట!

మూడో పేజీలో ఎండాకాలంలో చెరువు నీరు వేడెక్కడం మీద అంత పెద్ద పేరా ఎందుకు? నిమిషానికి ఒక లీటరు నీరు 100 వాట్ల వేడిని మోసుకుపోతే ఆ నీరు ఒకటిన్నర డిగ్రీ కూడా పెరగదు, లెక్కేసి చూసుకో. మన ఎండలకు చెరువు నీరు గోరువెచ్చనైనా సరిపోతుంది, కదులుతూ ఉంటే చాలు. ఆ పేరా మొత్తం కొట్టేయి. దాని కిందే ఇంకో మాట రాశావు, బయటికొచ్చే నీటిని చేత్తో పట్టి చూస్తే చల్లగా ఉంది కాబట్టి మోటారు క్షేమమని. అదే లెక్క మళ్లీ చెయ్యి. మోటారు మాడిపోతున్నా ఆ నీరు నీ చేతికి చల్లగానే తగులుతుంది. గట్టు మీద నుంచి ఆ ధారను చూసి తెలుసుకోగలిగేది నీరు పారుతోందా లేదా అన్నంతవరకే. మోటారు సంగతి తెలియాలంటే గట్టుకు రాగానే టేపు పీకి టెంపరేచర్ గన్ పెట్టాలి, ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టాలి. బోటు ఆగితే నీరు ఆగుతుంది, లోపలి తీగల్లో మిగిలిన వేడి అప్పుడు పైకొస్తుంది. రెండో అంకె మొదటిదానికంటే ఎక్కువుంటే కంగారుపడకు, రాసిపెట్టుకో. మామూలు రకం నియోడిమియం అయస్కాంతాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతాయి, మళ్లీ చల్లబడినా ఆ పోయిన బలం తిరిగి రాదు.

నీ వ్యాసంలో నాకు నచ్చిన వాక్యం ఒకటుంది: "మూత తీస్తే ఈఎస్‌సీ పలక చల్లగానే ఉంది, కెపాసిటర్ల నెత్తి మాత్రం ఉబ్బి ఉంది." కళ్లతో చూసి రాసిన మాట. మరి అక్కడే ఆగిపోయావేం? పలక చల్లగా ఉందంటే నీరు తన పని తాను చేసినట్టే. కెపాసిటర్లు, అంటే వోల్టేజి ఎగుడుదిగుళ్లను సర్దే ఆ చిన్న డబ్బాలు, ఆ పలక మీద ఉండవు, పక్కకు పొడుచుకుని ఉంటాయి. వాటి వేడి ఆ నీటికి అందదు. ఇప్పుడు నీ మొదటి పేజీ తిరగేయి. బోటు ముక్కు గాల్లోకి లేస్తోందని బ్యాటరీని ముందుకు జరిపి, అందకపోతే వైరుకు అతుకు వేశానని ముచ్చటగా రాశావు. ఈఎస్‌సీ కరెంటును సెకనుకు వేలసార్లు తెంచి కలుపుతుంటుంది. బ్యాటరీ వైరు పొడుగయ్యే కొద్దీ, తెంచినప్పుడల్లా వోల్టేజి ఎగిరిపడుతుంది. ఆ దెబ్బంతా కాసుకునేవి కెపాసిటర్లే, కాసుకుని కాసుకుని లోపలే ఉడికి ఉబ్బుతాయి. వైరు పొడిగించక తప్పకపోతే మోటారు వైపు పొడిగించాలి. లేదంటే ఈఎస్‌సీకి దగ్గరగా, బ్యాటరీ వైరు మీద ఇంకొన్ని కెపాసిటర్లు వేయాలి.

నీ బోటును నేను చూడలేదు, నీ రాతనే చూశాను. దాన్ని బట్టి నా అనుమానం ఆ అతుకు మీదే. అదే నిజమైతే నేరస్థుడు మొదటి పేజీలోనే దర్జాగా కూర్చున్నాడు, నువ్వు నాలుగో పేజీలో దురదృష్టాన్ని పట్టుకుని తిడుతున్నావు. యంత్రాల మీద రాసేవాడు కాలినదాన్ని విప్పి చూడకుండా కలం పట్టకూడదు. ఈ మాట పాతికేళ్లుగా అందరికీ చెబుతూనే ఉన్నా, చాదస్తం అంటారు. అననీ.

మా పోరుమామిళ్ల చెరువు శాసనం గురించి విన్నావా? 1369 నాటిది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు. సంస్కృత శ్లోకాలు, పొగడ్తలకు ఏమీ కొదవ లేదు. అయినా ఆ కవి మంచి చెరువుకు కావలసిన 12 సాధనాలు చెప్పి, అంతటితో ఊరుకోకుండా 6 దోషాలు కూడా చెప్పాడు. గట్టులోంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల హద్దులో ఉండటం, నడుమ మెరక, నీరు కొంచెమై చోటు ఎక్కువవడం, నీరు ఎక్కువై చోటు చాలకపోవడం. రాజకుమారుడి కీర్తిని చెక్కే రాతి మీదే చెరువు ఎట్లా చెడుతుందో కూడా చెక్కించారు. ఇవాళ ఏ సంపాదకుడి చేతిలోనైనా పెట్టి చూడు, ఆ ఆరూ ఎగిరిపోతాయి. "నెగెటివ్‌గా ఉంది" అంటాడు. "బోటు చల్లగా ఉంచే 7 చిట్కాలు" అని మార్చి ఇమ్మంటాడు. పైపు పెద్దది వేయండి, నీరు దూరే రంధ్రాలు (పికప్‌లు) రెండు పెట్టండి, ప్రొపెల్లర్ తగ్గించండి అంటూ. నీ బోటుకు ఆ ఏడూ చేసినా మళ్లీ అదే కెపాసిటర్ ఉబ్బేది.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ఇప్పుడే దేనికీ పంపకు. "ఆధునిక సాంకేతిక యుగంలో" అని మొదలయ్యే మొదటి రెండు పేరాలూ తీసేయి, అతుకు వేసిన చోటి నుంచి మొదలుపెట్టు. కలం పేరు గురించీ ఏదో అడిగావు, అది తర్వాత చూద్దాం.

కాలిన ఈఎస్‌సీని పారేయలేదు కదా? దాన్నీ, ఆ అతుకు వేసిన వైరునీ తీసుకుని ఆదివారం రా. పొద్దున్నే కర్నూల్లో బస్సెక్కితే భోజనం వేళకు ముందే దిగుతావు. షాపు ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు కానీ సోల్డరింగ్ ఐరన్ ఇంకా నా మాటే వింటుంది. విప్పి చూద్దాం. నా అనుమానం తప్పని తేలితే అదీ వ్యాసంలో రాసెయ్.

ఉంటాను.