ఎంత ప్రార్థించినా జవాబు రానప్పుడు ఓపిక పట్టడం వల్ల ఏం లాభం?

మీరు చాలా కాలంగా ఒకే విషయం కోసం ప్రార్థిస్తున్నారు. సంఘంలో ఎవరిని కదిపినా "ఓపిక పట్టండి, దేవుని సమయం వస్తుంది" అంటున్నారు. ఆ ఓపికకు నిజంగా విలువ ఉందా, లేక చెప్పడానికి ఇంకేం లేక అనే మాటా అని అడిగారు. విలువ ఉంది, చాలా ఉంది. కాకపోతే ఓపిక పేరుతో మనకు చెప్పేదాంట్లో సగం బైబిల్లో కనిపించే ఓపిక కాదు.

ఆస్తినీ, పిల్లల్నీ, ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబునే తీసుకోండి. యాకోబు పత్రిక 5:11లో యోబు సహనం ప్రస్తావన ఉంది కదా, అది విని మనం ఆయన్ని కిక్కురుమనకుండా అన్నీ భరించిన మనిషి అనుకుంటాం. కానీ యోబు గ్రంథం మూడో అధ్యాయం తెరిస్తే తాను పుట్టిన రోజునే శపిస్తూ కనిపిస్తాడు, ఆ తర్వాత ఎన్నో అధ్యాయాల పొడవునా దేవుణ్ణి నిలదీస్తూనే ఉంటాడు. దేవుడు ఆయన్నీ ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేశాడు నిజమే, అయినా చివరికి 42వ అధ్యాయంలో కోప్పడింది మాత్రం నీతులు చెప్పిన స్నేహితుల మీద, నా సేవకుడు యోబు మాట్లాడినట్టు మీరు నా గురించి సరిగ్గా మాట్లాడలేదని. అంత మొరపెట్టిన మనిషినే సహనానికి ఉదాహరణగా చూపించారంటే, దేవుణ్ణి వదలకుండా ఆయనతోనే పోట్లాడటం కూడా ఓపికే అని నేను గట్టిగా నమ్ముతాను.

మా అమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఇంటిల్లిపాదీ ఉపవాసం ఉండి ప్రార్థించాం. అమ్మకు తినిపించే పని నాది. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, అర స్పూన్ నోట్లో పెట్టి, గొంతు కదిలి మింగిందని కంటితో చూశాకే మళ్లీ స్పూన్ ఎత్తాలి. తొందరపడితే పొలమారుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఒక్కో ముద్దకీ మధ్య అలా ఆగినప్పుడు 13వ కీర్తన పైకి చదివేదాన్ని. ఉన్నవే ఆరు వచనాలు, అందులో ఇంకా ఎంతకాలం అని దావీదు నాలుగుసార్లు అడుగుతాడు. అమ్మ పెదవులు నాతోపాటే కదిలేవి, శబ్దం వచ్చేది కాదు.

అమ్మకు మాట పూర్తిగా రాలేదు, కొన్ని పదాలు వచ్చాయి అంతే. విశ్వాసం చాలలేదని మొహం మీదే అన్నవాళ్లు ఉన్నారు, అది చాలా నొప్పించింది. కానీ నాలో ఒకటి మారింది. మొదట్లో ఆమేన్ అనగానే ఏమైనా జరిగిందా అని అమ్మ ముఖంలోకి చూసేదాన్ని, పోను పోను ఆ వెతుకులాట తగ్గి, ఊరికే అమ్మను అమ్మగా చూడటం మొదలైంది. శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను, అంటే ఆశను, కలగజేస్తుందని రోమా 5లో ఉంది కదా, ఆ వరుసలో చివర ఉన్నది కోరుకున్నది దొరకడం కాదు, నిరీక్షణ. అది నాకు దక్కింది, ఇప్పటికీ ఉంది.

కనిపెట్టుకొని ఉండటమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమా అనే అనుమానం మీకు ఉండొచ్చు. యాకోబు 5:7లో తొలకరి, కడవరి వానల కోసం ఎదురుచూసే రైతు ఉన్నాడు, ఆయన దున్నాడు, విత్తాడు, వాన మాత్రం తెప్పించలేడు. మన చేతిలో ఉన్నది చేయడం, లేనిదాన్ని లాక్కోకపోవడం, ఈ రెండూ కలిసి ఉండాలి. రెండోదే కష్టం. ఇశ్రాయేలు రాజు సౌలు గిల్గాలులో ప్రవక్త సమూయేలు కోసం ఏడు రోజులు ఆగాడు, జనం చెదిరిపోతుంటే టెన్షన్ తట్టుకోలేక సమూయేలు వచ్చి అర్పించాల్సిన దహనబలి తానే అర్పించేశాడు, అది ముగించీ ముగించగానే సమూయేలు వచ్చాడు (1 సమూయేలు 13). నాకు సౌలు మీద జాలే వేస్తుంది, ఆ చివరి గంటల్లో అందరం అలాగే ఉంటాం.

ఇంకొకటి, మీరు దేని కోసం ప్రార్థిస్తున్నారో రాయలేదు కాబట్టి చెబుతున్నాను. ఇంట్లో కొట్టడం, హింసించడం లాంటిదేమైనా ఉంటే దయచేసి ఓపిక పేరుతో అక్కడే ఉండిపోకండి. ఫిలిప్పీ పట్టణంలో అపొస్తలుడైన పౌలును విచారణ లేకుండా కొట్టి చెరసాలలో వేసి, తెల్లారాక గుట్టుగా వెళ్లిపొమ్మంటే, అధికారులే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకుపోవాలని పౌలు పట్టుబట్టాడు (అపొస్తలుల కార్యములు 16:37), వాళ్లు వచ్చి బతిమాలుకున్నారు కూడా. ముందు రాత్రి అదే చెరసాలలో కీర్తనలు పాడింది కూడా ఆ పౌలే.