“సరే” అన్న మాటకు అక్కడ అర్థం వేరు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బరంపురంలో పీజీ చదువుతున్నాను. మా విభాగం ఒక జర్మన్ విశ్వవిద్యాలయంతో కలిసి ఎనిమిది వారాల ఆన్‌లైన్ ప్రాజెక్టు చేపట్టింది. బృందంలో మేమిద్దరం, వారిద్దరు. సర్వే భాగం రాస్తావా అని వారడిగితే “సరే, చూస్తాను” అన్నాను. వారం తిరిగేసరికి “నీ భాగం రాలేదు, పని ఆగిపోయింది” అని అందరూ చూసే ఫైలులోనే రాశారు. అక్టోబరు ముగిసే రోజుల్లో, ఎప్పటిలాగే సాయంత్రం 5.30కు కూర్చుంటే గంటసేపు ఎవరూ రాలేదు. మేమంటే వారికి లెక్క లేదేమో. మానుకోవాలా?
– ఒక విద్యార్థిని, గజపతి జిల్లా

జవాబు: మానుకోవద్దమ్మా. ముందు ఆ గంటసేపటి సంగతి చెబుతాను, అందులో ఎవరి తప్పూ లేదు. జర్మనీలో అక్టోబరు చివరి ఆదివారం గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు. మనకు ఆ పద్ధతి లేదు కనుక అంతవరకు మూడున్నర గంటలున్న తేడా ఆ రోజు నుంచి నాలుగున్నర గంటలవుతుంది. వారు తమ మధ్యాహ్నం 2 గంటలకే వచ్చి ఉంటారు, అప్పటికి మీకు 6.30.

ఇక “సరే, చూస్తాను” అన్న మాట. మన ఇళ్లలో దాని అర్థం గొంతును బట్టి తెలుస్తుంది. పెళ్లికి పిలిచిన చుట్టాలతో “సరే, చూద్దాం” అంటే, చాలాసార్లు రాలేమని నొప్పించకుండా చెప్పడమే. అదే మాట ఇంగ్లీషులో అవతలికి చేరేసరికి గొంతు పోయి, ఒప్పుకోలు ఒక్కటే మిగిలింది. వారు దాన్ని నమ్మి ఆగారు. అయినా నలుగురూ చూసేచోట అలా రాయడం మీకు బాధ కలిగించిందని వారితో చెప్పండి, చెప్పకపోతే వారికి తెలిసే దారి లేదు.

1997లో అమెరికాలోని ఎంఐటీలో మొదలైన కల్చురా అనే కార్యక్రమంలో, ఒక మాట చూడగానే తోచినవన్నీ అమెరికన్, ఫ్రెంచి విద్యార్థుల చేత ఎవరి భాషలో వారిని రాయించి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చర్చింపజేసేవారు. నగర శివారు అనగానే అమెరికన్లకు పచ్చికతో కూడిన సొంత ఇళ్లు గుర్తుకొస్తే, ఫ్రెంచివారికి పేదలుండే ఎత్తైన భవనాలు మెదులుతాయి. మీ నలుగురూ ఒక సాయంత్రం “గడువు”, “సాయం”, “మర్యాద” అన్న మాటలతో ఇలాగే చేయండి. నాకు ఈ పద్ధతి మీద ఎంతో నమ్మకం. మీ పర్లాకిమిడిలోనే పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు సవర భాషను ఊహించి కాదు, ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో ఉంచుకొని, అడిగి అడిగి నేర్చుకున్నారు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే మీకు ఇలా అడిగి తెలుసుకోవడం కొత్త కాదు.

ప్రతి సమావేశం చివర ఎవరు ఏ భాగం ఏ తేదీకి ఇస్తారో, తర్వాతి సమావేశం రెండు దేశాల సమయాల్లో ఎన్ని గంటలకో ఆ ఫైలులోనే రాసుకోండి. కరెంటు పోయే వేళలుంటే అవీ రాయండి. సర్వే భాగం మొత్తం మీ వల్ల కాకపోతే, ఎంత రాయగలరో, ఏ రోజుకు ఇవ్వగలరో ఈ రాత్రికే వారికి రాసి పంపండి.