ఓడపాటల పుట్టుక వెతికే ముందు

పాపా,

హైలెస్సా ఎక్కడ పుట్టిందో తేల్చాలని కూర్చున్నావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. తిరుపతిలో ఉండి నీకు సముద్రం పాటలేంటని ఎవరన్నా అంటే పట్టించుకోవద్దు, 2022లో జిల్లాలు మారాక వాకాడు తీరం మనదే.

ముందు ఒకటి. పాటలో మాటల వయసు వేరు, బాణీ వయసు వేరు. అన్నమయ్య రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. మనం వినే బాణీల్లో చాలా వరకు మొన్నమొన్న కట్టినవే కదా. ఓడపాటలూ అంతే. జర్మన్ నావికులు పాడే 'హాంబొర్గర్ వీర్మాస్టర్' విను, చరణాలన్నీ వాళ్ల యాసలో సాగి, పల్లవికి వచ్చేసరికి కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నది ఒడ్డున బంగారం ఉందని ఇంగ్లీషులోకి మారిపోతుంది. కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది 1848లో, కాబట్టి ఆ పల్లవి మాటలు అంతకు ముందువి కావు. బాణీ మాత్రం 1850లో అమెరికా పాటల రచయిత స్టీఫెన్ ఫాస్టర్ అచ్చు వేయించిన 'క్యాంప్‌టౌన్ రేసెస్'లోనూ ఉంది. అచ్చులో తేదీ కనబడింది కదా అని పుట్టుక అక్కడే అని రాసేయకు, ఆ ఏటికి పాట ఉందని మాత్రమే దాని అర్థం.

మన హైలెస్సా, తమిళుల ఐలసా పక్కపక్కన పెట్టి ఇది దాని బిడ్డ అనడం కూడా తొందరే. మన తీరంలో రెండు భాషలూ కలిసే బతికాయి, పైగా అది ఊపిరి బిగబట్టి వదిలే చోట వచ్చే కేక. అందుకే ఒడ్డున నిలబడి అలివి వల లాగేటప్పుడు వెళ్లి నిలబడు, ఏ అక్షరం మీద తాడు బిగుస్తుందో, ఎక్కడ కాళ్లు వెనక్కి జరుగుతాయో రాసుకో. నేను మొదట్లో ఒక పెద్దాయన్ని ఇంట్లో కుర్చీలో కూర్చోబెట్టి పాడమన్నాను, నాలుగు లైన్లకే ఆగిపోయాడు. మర్నాడు తాడు చేతికి రాగానే పొద్దెక్కేదాకా పాడుతూనే ఉన్నాడు!

ఆడపిల్లవని నీ ముందు బూతు చరణాలు మింగేస్తారు. ఓడల్లో స్వయంగా పాడిన ఇంగ్లీషు నావికుడు స్టాన్ హ్యూగిల్ కూడా 1961లో ఓడపాటల పుస్తకం వేసినప్పుడు అలాంటివి మార్చే వేశాడు. బలవంతం చేయకు, కానీ ఇక్కడ చరణం వదిలేశారని తప్పకుండా రాసిపెట్టు. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ రేవులో పనిచేశారు, అవి ప్రతి ఒక్కరినీ అడుగు, మద్రాసు హార్బర్‌కు వెళ్లొచ్చిన వాళ్లుంటే ఇంకా విడిగా అడుగు.

ఆదివారం ఇంటికి రా. నా క్యాసెట్లలో రెండు బూజు పట్టాయి, మిగతావి ఇంకా పాడుతున్నాయి.

మీ పెదనాయన