ఇంజెక్షన్ ఇప్పించకుండా ఉండాల్సిందా? మా మల్లి సంగతి చెబుతాను

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పన్నెండేళ్లు పెంచుకున్న కుక్కకు కిడ్నీలు పాడైపోయి, ఇక లాభం లేదని డాక్టర్ చెప్పాక, బాధ లేకుండా ప్రాణం పోయే ఇంజెక్షన్ ఇప్పించారు. నెలన్నర అయినా మీకు నిద్ర పట్టడం లేదు. ఇంకో వారం ఉంచుకుంటే బాగుండేదేమో, ఆఖర్న కళ్లు తెరిచే ఉన్నాయి కాబట్టి నొప్పి పడిందేమో అని మీ బాధ. ఇంట్లోవాళ్లేమో ఇంకో కుక్కపిల్లను తెచ్చుకోమంటున్నారు. నాది మీకు సరిగ్గా తిరగేసిన కథ అండీ. మేం ఇంజెక్షన్ ఇప్పించలేదు. అందుకే రాస్తున్నాను.

మా కుక్క పేరు మల్లి. తెల్లటి బొచ్చు, గుప్పెడంత మూతి. మన దగ్గర ఇలాంటివాటన్నిటినీ పొమేరియన్ అనేస్తాం గానీ చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లేనట, డాక్టర్ చెప్పేదాకా మాకూ తెలీదు. 2010లో మావారి స్నేహితుడొకాయన బదిలీ మీద వెళ్లిపోతూ చెప్పుల అట్టపెట్టెలో పెట్టి ఇచ్చి వెళ్లారు. మావారు వద్దంటే వద్దన్నారు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆయన తినే కంచం పక్కన అది కూర్చోకపోతే ఆయనకే ముద్ద దిగేది కాదు.

2023 వేసవిలో మల్లి నీళ్లు ఎక్కువ తాగడం మొదలుపెట్టింది. రోజుకి ఒక గిన్నె తాగేది మూడు గిన్నెలు ఖాళీ చేసేది. మాది విజయవాడ. మే నెలలో ఇక్కడ మనుషులే బిందెలు బిందెలు తాగుతారు, దానిదేముంది అనుకున్నాను. తర్వాత రాత్రిళ్లు హాల్లో పోసేయడం మొదలైంది. పదమూడేళ్లలో ఒక్కరోజు కూడా ఇంట్లో పోయని కుక్క. ఒకరోజు పొద్దున్నే ఆఫీసు హడావుడిలో ఆ తడిలో కాలు పెట్టి, కోపంతో దాన్ని గట్టిగా అరిచాను. అది సోఫా కిందకి వెళ్లి తల మాత్రం బయటపెట్టి నా వంక చూసింది. నన్ను ఇప్పటికీ పట్టుకుని వదలనిది అది పోయిన రాత్రి కాదు, ఆ చూపు.

దగ్గర్లోని క్లినిక్‌లో చూపిస్తే వయసైపోయింది, అంతే అని విటమిన్ సిరప్ రాశారు. ఇంకో పదిహేను రోజులు అలా గడిచాయి. నోటి నుంచి ఘాటుగా, యూరియా బస్తా విప్పినట్టు వాసన రావడం మొదలయ్యాక గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి తీసుకెళ్లాం. రక్తపరీక్షలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపేయాల్సిన వ్యర్థం, 7.8 వచ్చింది. కుక్కలకు మామూలుగా ఒకటిన్నర లోపు ఉండాలట. తొమ్మిది కిలోలుండే పిల్ల ఆరున్నరకు దిగిపోయింది. బొచ్చు ఉండటం వల్ల మాకు కనబడలేదు, చేత్తో తడిమితే వెన్నెముక తగిలింది.

అక్కడి డాక్టరమ్మను నేను అడిగిన మొదటి ప్రశ్న, రెండు నెలల ముందు తెచ్చుంటే బతికేదా అని. ఆవిడ దాచకుండా చెప్పారు. కిడ్నీలు దాదాపు ముప్పాతిక వంతు పని మానేశాకే రక్తంలో క్రియాటినిన్ పెరిగినట్టు తెలుస్తుందట. పాడైపోయింది తిరిగి రాదు. ముందే తెచ్చుంటే తిండి మార్చి, మందులతో ఇంకొంత కాలం నెట్టుకొచ్చేవాళ్లం తప్ప నయమయ్యేది కాదన్నారు. ఇంకో విషయం కూడా ఒప్పుకోవాలి. ఫిబ్రవరిలో అది కుంటుతుంటే, ఇంట్లో ఉన్న మనుషుల నొప్పి మాత్ర సగం విరిచి రెండు రోజులు పెరుగన్నంలో కలిపి పెట్టాను. ఆ మాత్రలు కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయని నాకు తెలీదు. దానివల్లే అయిందా అంటే, అలా చెప్పడానికి లేదన్నారు. ఇది చదివేవాళ్లెవరైనా దయచేసి డాక్టర్‌ని అడక్కుండా మన మాత్రలు వాటికి వేయకండి.

మూడు రోజులు ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించాక క్రియాటినిన్ 5.1కి దిగింది. తర్వాత ఇంటి దగ్గర మేమే చర్మం కింద ఎక్కించుకోవడం నేర్పారు. రింగర్ లాక్టేట్ అనే సెలైన్ బాటిల్‌ని గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి, కిటికీ కర్టెన్ రాడ్‌కి తగిలించేదాన్ని. మావారు మల్లిని ఒళ్లో పెట్టుకుంటే నేను భుజాల మధ్య చర్మాన్ని గుడారంలా పైకి లాగి సూది గుచ్చేదాన్ని. మొదటి రోజు సూది అటునుంచి ఇటు బయటికి వచ్చేసి నా చీరంతా తడిసింది. 150 ఎంఎల్ ఎక్కేసరికి వీపు మీద చిన్న మూపురం లేచేది. గంట గడిచేసరికి ఆ నీరు జారి ముందుకాలి దగ్గరకు చేరేది, తెల్లారేసరికి ఒంట్లో ఇంకిపోయేది. ఆ మూపురంతోనే అది ఎద్దులా ఠీవిగా వంటింట్లోకి నడిచొస్తుంటే నవ్వొచ్చేది. అవును, ఆ రోజుల్లో కూడా నవ్వాం.

ఐదు వారాలు అలా గడిచాయి. ఉడికించిన గుడ్డు తెల్లసొన తినేది. తర్వాత అదీ మానేసింది. జూలైలో మళ్లీ పరీక్ష చేస్తే తొమ్మిది దాటింది. నోట్లో పుళ్లు. డాక్టరమ్మ మెల్లగా ఇంజెక్షన్ మాట ఎత్తారు. నేను రేపు చెబుతానన్నాను. మర్నాడు మల్లి రెండు చెంచాల నీళ్లు తాగితే, చూశారా కోలుకుంటోంది అన్నాను. ఆ మర్నాడు తోక ఒకసారి కదిపిందని ఇంకోరోజు వాయిదా వేశాను. అలా నాలుగు రోజులు. నాలుగోరోజు అర్ధరాత్రి దాటాక ఫిట్స్ మొదలయ్యాయి. ఫోన్లు చేస్తే ఆ వేళ ఎవరూ దొరకలేదు. మూడుసార్లు వచ్చాయి. మూడు గంటల ఇరవై నిమిషాలకు పోయింది. ఆ రెండు గంటలు ఎలా గడిచాయో వివరంగా రాయను. మీరు మీ కుక్కకు తప్పించింది అదే అని మాత్రం చెప్పగలను.

మీరు తొందరపడ్డామని ఏడుస్తున్నారు, నేను ఆలస్యం చేశానని ఏడ్చాను. ఇద్దరి ఏడుపూ ఒకేలా ఉంది చూశారా? మీరు ఇంకో వారం ఆగి ఉంటే ఈపాటికి నా ప్రశ్న మీరు అడిగేవాళ్లు. కాబట్టి మీ బాధ ఆ ఇంజెక్షన్‌ వల్ల వచ్చిందని నేననుకోను.

కళ్ల సంగతి. మా పిన్నివాళ్ల లాబ్రడార్‌కి ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను, నాకూ మీకొచ్చిన అనుమానమే వచ్చి అడిగాను. ముందు మత్తుమందు ఇస్తారు. తర్వాత నరంలోకి ఇచ్చేది కూడా మత్తుమందు జాతిదే, మోతాదు బాగా ఎక్కువ. క్షణాల్లో స్పృహ పోతుంది, ఊపిరి, గుండె ఆ తర్వాతే ఆగుతాయి. రెప్ప మూయడానికి కండరం పనిచేయాలి, అది వదులైపోతుంది కాబట్టి కళ్లు తెరిచే ఉండిపోతాయి. పోయాక ఒక పెద్ద ఊపిరి తీసినట్టో, కాలు అదిరినట్టో కనిపించినా దానికి తెలిసి జరిగేది కాదట. మీదానికి నొప్పి తెలిసుండదు.

మల్లిని మా అత్తగారి ఊళ్లో నిమ్మతోటలో పూడ్చాం. నడుం లోతు తవ్వించి, ఉప్పు చల్లి, వేరే కుక్కలు తవ్వకుండా పైన బండ పెట్టించారు మా మామగారు. ఇంటికొచ్చాక, కుక్క పోతే మైల ఉంటుందా అని మా అత్తగారు తనలో తనే అనుకుంటూ, ఎందుకైనా మంచిదని అందరికీ తలస్నానానికి నీళ్లు కాచారు. అంతవరకు బిగబట్టుకున్న నేను ఆ నీళ్లు చూసి భోరుమన్నాను. ఆఫీసుకి మాత్రం జ్వరమని మెసేజ్ పెట్టాను. కుక్క పోయిందని సెలవడిగే ధైర్యం నాకు లేకపోయింది.

"కుక్కకే ఇంత ఏడుపా" అనేవాళ్లతో వాదించకండి, దండగ. నాకైతే మూడు నెలలు కంచం అంచున ఒక ముద్ద పక్కకి తీసిపెట్టే అలవాటు పోలేదు. బీరువాలోంచి నల్ల చీర తీసినప్పుడల్లా తెల్ల వెంట్రుక కనబడేది. ఇప్పటికీ అప్పుడప్పుడు కనబడుతుంది, తీసేయను.

ఇంకో కుక్క సంగతి మీ ఇష్టం. మావాడు ఏడాదిపాటు అడిగాడు, నేను వద్దనే అన్నాను, ఇప్పటికీ తెచ్చుకోలేదు. మీ ఇంట్లోవాళ్లు మంచికే అంటుంటారు, కానీ మీకు అనిపించనప్పుడు ఊరుకోండి.

పదిరోజులయ్యాక, మిగిలిపోయిన మూడు సెలైన్ బాటిళ్లు, సూదుల ప్యాకెట్టు ఎవరికైనా పనికొస్తాయని గన్నవరం తీసుకెళ్లి ఇచ్చాను. అక్కడ బల్ల మీద ఒక ముసలి డాబర్‌మ్యాన్, పక్కన పెద్దాయన ఒకరు. ఇంట్లో సెలైన్ ఎలా ఎక్కించాలో డాక్టరమ్మ చూపిస్తుంటే ఆయన చేతులు వణుకుతున్నాయి. "నేను పట్టుకుంటాను బాబాయిగారూ, మీరు గుచ్చండి" అని వెళ్లి చర్మం పైకి లాగి పట్టుకున్నాను. రెండోసారికి సరిగ్గా దిగింది.