వెబ్‌క్యామ్ చాలు, కాకపోతే ముఖం మీద లైటు పడాలి

లారీ తోలే గేమ్ యూరో ట్రక్ సిమ్యులేటర్ 2లో తల తిప్పితే క్యాబిన్‌లో చూపు కూడా తిరగాలి, దానికి మామూలు వెబ్‌క్యామ్ చాలా, తల కదలికలు పట్టే ప్రత్యేక పరికరం ట్రాక్‌ఐఆర్ కొనాల్సిందేనా అని కదా అడిగారు. చాలు. రెండేళ్ల నుంచి మామూలు వెబ్‌క్యామ్‌తోనే లాగించేస్తున్నాను. కెమెరాలో తల కదలిక చూసి గేమ్‌కి పంపే ఓపెన్‌ట్రాక్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో ఇన్‌పుట్‌కి న్యూరల్‌నెట్ ట్రాకర్ (ముఖాన్ని పట్టేది), అవుట్‌పుట్‌కి ఫ్రీట్రాక్ 2.0 (గేమ్‌కి పంపేది), ఫిల్టర్‌కి యాక్సెలా (వణుకు తగ్గించేది) పెట్టుకోండి. ఇంతవరకూ పది నిమిషాల పని.

తంటా అంతా ఆ తర్వాతే. నేను ఆడేది ఇంట్లో అందరూ పడుకున్నాక. ట్యూబ్‌లైట్ ఆర్పేసి, స్క్రీన్ వెలుతురులోనే కూర్చునేవాణ్ణి. బండి నున్నటి హైవే మీద పోతుంటే చూపు మాత్రం ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సులా ఊగేది. కెమెరా పనికిమాలినదని తీర్మానించి మూడు రోజులు కొత్తవాటి ధరలు చూశాను. తర్వాత ఎందుకో ఓపెన్‌ట్రాక్‌లో కెమెరా బొమ్మ దగ్గర కనిపించే ఫ్రేముల అంకె (సెకనుకి ఎన్ని బొమ్మలు తీస్తోందో) మీద కన్ను పడింది. 30 ఉండాల్సిన చోట 15! చీకట్లో కెమెరా ఒక్కో ఫ్రేముకీ ఎక్కువసేపు వెలుతురు పోగేసుకుంటుంది, దాంతో ఫ్రేములు తగ్గుతాయి, ముఖం కూడా మసకబారుతుంది. మా అమ్మాయి చదువుకునే టేబుల్ లాంప్ తెచ్చి, నా ఎదురుగా ఉన్న గోడ వైపు తిప్పి పెట్టాను. గోడ మీద నుంచి వచ్చే వెలుతురు ముఖం మీద సమంగా పడింది. అంకె 30కి ఎక్కింది, ఊగడం ఆగింది. పైసా ఖర్చు లేదు. కెమెరా సెట్టింగ్స్‌లో 50 హెర్ట్జ్ అని ఉందో లేదో కూడా చూడండి, మన కరెంటు అదే. 60 మీద ఉంటే కొన్ని లైట్ల కింద బొమ్మలో చారలు కదులుతాయి.

వెనక ఎవరూ లేకుండా చూసుకోండి. ఓసారి మా అమ్మాయి నీళ్లకి లేచి భుజం మీంచి తొంగి చూసింది, ట్రాకర్ నన్నొదిలేసి దాని ముఖం పట్టుకుంది. లారీ డివైడర్ ఎక్కింది.

ఇక కర్వ్, అంటే తల ఎంత తిరిగితే చూపు ఎంత తిరగాలో చెప్పే గీత. ఎడమ అద్దం చూడ్డానికి నిజంగా తలంతా తిప్పేస్తే స్క్రీనే కనపడదు కదా. అందుకే మ్యాపింగ్‌లో యా (తల పక్కలకి తిప్పడం) కర్వ్‌ని నేను తల 20 డిగ్రీలు తిరిగితే చూపు 90 తిరిగేలా లాగాను. మధ్యలో మాత్రం రెండు మూడు డిగ్రీలు చదునుగా వదిలేయండి, లేకపోతే టీ తాగినా రోడ్డు కదులుతుంది. రోల్ (తల భుజం వైపు వాల్చడం) నాకైతే దండగ, ఆపేశాను. కెమెరా స్క్రీన్ మధ్యలోనే పెట్టండి. నేను మొదట పక్కన పెట్టి, తెలియకుండానే అటు ఒరుగుతూ ఆడి, మెడ పట్టేసి రెండు రోజులు బాధపడ్డాను. చూపుని మళ్లీ నేరుగా తెచ్చే సెంటర్ కీని స్టీరింగ్ బటన్‌కి పెట్టుకుంటే మాటిమాటికీ కీబోర్డు వెతుక్కోనక్కర్లేదు.

కెమెరా ముఖం బదులు వెలుగు చుక్కల్ని పట్టుకునేలా టోపీకి మూడు ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు కుట్టే పద్ధతీ చేశాను. పాత వెబ్‌క్యామ్ విప్పి లోపలి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ పీకేసి, దాని బదులు మామూలు వెలుతురు ఆపడానికి మా పెళ్లి ఫొటోల నెగెటివ్ చివర నల్లటి ముక్క పెట్టాను. చీకట్లో భేషుగ్గా పనిచేసింది. పగలు కిటికీ తీస్తే ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కాబట్టి గందరగోళం. లారీ తోలడానికి అంత అక్కర్లేదు. యుద్ధవిమానాల గేమ్‌లకైతే ఆలోచించొచ్చు.

ముందు లాంప్ పెట్టి, ఆ అంకె ఎంత చూపిస్తోందో రాయండి. 30 వస్తుంటే నా కర్వ్ ఫైలు పంపిస్తాను.