ఐక్య క్రిస్మస్ బాధ్యత తీసుకున్న తమ్ముడికి

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి,

వందనాలు. ఈ ఏడాది మీ ఊళ్లో అన్ని సంఘాలూ కలిసి జరుపుకునే ఐక్య క్రిస్మస్ బాధ్యత నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. సభ ఎలా జరపాలో రాయమన్నావు. దానికంటే ముందు చేయాల్సిన పనులు ఉన్నాయి.

స్టేజీ, ఫ్లెక్సీల జోలికి వెళ్లకముందే ఊళ్లో పాస్టర్లందరి ఇళ్లకూ స్వయంగా వెళ్లు. వాట్సాప్‌లో ఆహ్వానం పెట్టి ఊరుకోవద్దు. సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్, బాప్టిస్టు, ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) వాళ్లను ఎలాగూ పిలుస్తారు. రేకుల షెడ్డులో పాతిక ముప్పై మందితో ఆరాధన జరిపే పాస్టరు గారిని ఎవరూ పిలవరు. నువ్వు అక్కడి నుంచే మొదలుపెట్టు. యేసు నామంలో కూడుకుని వాక్యం వినేవాళ్లు, ఒకరి కోసం ఒకరు ప్రార్థించేవాళ్లు ఉన్నచోట సంఘం ఉంది. గుడి ఎత్తు చూసి అది సంఘమా కాదా అని తేల్చే అధికారం మనకెవరూ ఇవ్వలేదు.

"మాదే అసలైన సంఘం" అని ఎవరైనా అంటే మన చరిత్ర గుర్తు చెయ్యి. ఒకప్పుడు మిషన్లు తెలుగు ప్రాంతాలను తమలో తాము పంచుకున్నాయి. నెల్లూరు, ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టులు, గుంటూరులో లూథరన్లు, కాకినాడ వైపు కెనడియన్ బాప్టిస్టులు, మెదక్‌లో వెస్లియన్ మెథడిస్టులు, దోర్నకల్‌లో ఆంగ్లికన్లు, అంటే ఇంగ్లండు చర్చివాళ్లు. మన ముత్తాతలు సిద్ధాంతాలు పోల్చి చూసి ఎంచుకోలేదు. తమ పల్లెకు సువార్త ఎవరు తెస్తే ఆ మిషన్‌లో చేరారు. ఇంకో మాట కూడా చెప్పాలి. కొన్ని చోట్ల పైకి డినామినేషన్ (సంఘ శాఖ) అని చెప్పేదాని లోపల ఉన్నది కులం. ఆ గాయాన్ని కప్పిపెట్టి ఐక్యత గురించి ప్రసంగాలు పెట్టించవద్దు.

1919లో తమిళనాడులోని తరంగంబాడిలో కూడిన పాస్టర్లు దక్షిణ భారతంలో సంఘాలు ఏకం కావాలని పిలుపునిచ్చారు. దోర్నకల్ బిషప్ అజరయ్య గారు వాళ్లలో ముఖ్యులు. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే కొన్ని సంఘాలు కలిసి ఏర్పడిన సౌత్ ఇండియా యునైటెడ్ చర్చి వాళ్లు 28 ఏళ్లు మాట్లాడుకున్నాక, 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో సీఎస్‌ఐ ఏర్పడింది. అజరయ్య గారు ఆ రోజు చూడకుండానే 1945లో ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. అన్నేళ్లూ పీటముడిగా నిలిచింది బిషప్పుల సంగతి. బిషప్ చేతులుంచి అభిషేకించని పాస్టర్ సేవ చెల్లుతుందా? ఇకమీదట అభిషేకాలు బిషప్పులే చేయాలి, అప్పటికే సేవలో ఉన్నవాళ్లకు మాత్రం మళ్లీ అభిషేకం అక్కర్లేదు అని ఒప్పుకున్నారు. అవతలివాళ్ల చేత దేవుడు అప్పటిదాకా చేయించిన పనిని ఎవరూ కొట్టిపారేయలేదు. ఎవరితో మాట్లాడినా నువ్వూ ఈ పద్ధతే పాటించు. అంత చేసినా నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది అప్పుడు చేరలేదు. తెలుగు బాప్టిస్టులు, లూథరన్లు నేటికీ విడిగానే ఉన్నారు. ఒక్క డిసెంబరులో అందరినీ కలపలేకపోయానని టెన్షన్ పడకు.

బాప్తిస్మంలో చిన్నపిల్లలకు నీళ్లు చిలకరించినా, పెద్దయ్యాక ముంచినా ఒకటేనని మైకులో అనవద్దు. మునక బాప్తిస్మం నమ్మేవాళ్లకు అది మనస్సాక్షికి సంబంధించిన విషయం. పాస్టర్లు విడిగా కూర్చుని, బైబిలు తెరిచి నెమ్మదిగా మాట్లాడుకోవాల్సిన విషయం అది. ప్రభురాత్రి భోజనం (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) కూడా ఉమ్మడి సభలో పెట్టవద్దు. ఆర్‌సీఎం వాళ్లు అందులో పాలుపొందలేరు. ప్రార్థన, వాక్యం, పాటలు చాలు. పాటలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి తీసుకో. పురుషోత్తమ చౌదరి గారు బాప్టిస్టు బోధకుడు. ఆయన కీర్తనలు లూథరన్ ఇళ్లలో అమ్మమ్మలకు కంఠతా వచ్చు.

అన్నిటికంటే ముందు సమాధుల తోట సంగతి తేల్చు. చనిపోయినాయన మా సంఘస్థుడు కాదు, మా తోటలో చోటు లేదు అని పెద్దలు అంటే, ఆ ఇంటివాళ్లు శవాన్ని వాకిట్లో పెట్టుకుని గడప గడపకూ తిరగడం నేను కళ్లారా చూశాను. తనవాళ్లంతా ఏకమై ఉండాలని, లోకం నమ్మేలా ఉండాలని యోహాను 17లో ప్రభువు ప్రార్థించారు. ఊరంతా చూస్తుండగా మనం చేసేది ఇదా? ఏ క్రైస్తవుడు చనిపోయినా, ఏ సంఘంవాడైనా, చోటిస్తామని అన్ని సంఘాల పెద్దల చేత కాగితం మీద సంతకాలు పెట్టించు. అది సాధిస్తే ఈ ఏడాది సభ జరగకపోయినా నాకు బాధ లేదు.

ఇక సభ. ఎమ్మెల్యే గారు వస్తే గౌరవించి పంపండి, వాక్యానికి కేటాయించిన సమయం మాత్రం తగ్గనివ్వకు. ఒకరి సంఘస్థులను ఇంకొకరు లాక్కోకూడదని ముందే మాట తీసుకో. కానుకలు ఎవరి వైద్యానికో, ఏ పిల్లల చదువుకో ముందే నిర్ణయించి, మరుసటి ఆదివారం ఆ లెక్క అన్ని సంఘాల్లోనూ చదివించు. చిన్న షెడ్డు సంఘంలో కూడా.

ప్రభువునందు,
నీ అన్నయ్య